దేవుణ్ణి తిప్పిన భుజం

నా ఎడమ భుజం మీద కాయ కాసింది. కావడి మోసి కాదు, దేవుణ్ణి మోసి. ఊళ్లో అందరికీ ఆ కాయంటే గౌరవం. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పిల్లలు దానికి దణ్ణం పెడతారు. వాళ్లు వంగినప్పుడల్లా నేను తువ్వాలు పైకి లాక్కుంటా. సిగ్గనుకుంటారు. సిగ్గే. కానీ వాళ్లనుకునే సిగ్గు కాదు.

ఆ కాయ కింద ఒక తప్పు పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగా. తిన్నా, పిల్లల్ని కన్నా, మనవల్ని ఎత్తుకున్నా. మా ఆవిడకు చెప్పలేదు. పోయే ముందు ఆమే అడిగింది, నాకు చెప్పాల్సింది ఏమన్నా ఉందా అని. లేదన్నా.

నువ్వెవరో నాకు తెలియదు. నేనెవరో నీకు తెలియనక్కర్లేదు. అందుకే నీకు చెప్పడం తేలిక. నాకు చదువు లేదు. గోదావరి అవతల నుంచి ఉప్పు తెచ్చే వ్యాపారి ఒకాయన వాగు పొంగి మా ఇంట్లో చిక్కుబడిపోతే, ఊరికే కూర్చోలేక నాకు అక్షరాలు నేర్పాడు. రాత వంకరగా వస్తుంది. జ్ఞాపకం మాత్రం వంకర పోలేదు. మా ఇంట్లో ఎవరు ఏ కథ మర్చిపోయినా నన్నే అడుగుతారు.

మాది భేజ్జి దాటాక అడవిలో ఒక ఊరు, బస్తర్ రాజ్యానికి చివరంచు. ఇంట్లో తెలుగు, దేవుడి దగ్గర దోర్లీ, సంతలో హల్బీ, సర్కారోళ్లతో వచ్చీరాని హిందీ. మా దేవుడు గుళ్లో కూర్చునే దేవుడు కాదు. నడిచే దేవుడు. ఆంగా అంటాం. మద్దికర్రవి రెండు పొడుగు వాసాలు, మధ్యలో ఇంకోటి, దాని ముందు కొస పాము పడగలా పైకి లేచి ఉంటుంది. అదే తల. నెమలీకలు కడతాం, వెండి బిళ్లలు కొడతాం. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఎత్తుకుంటాం. డోలు మొదలవగానే దేవుడు కదులుతాడు. ఊగుతాడు, ఆగుతాడు, పరిగెత్తుతాడు. మోసేది మేము, నడిపేది ఆయన. ఎవరి తప్పుతో రోగం వచ్చింది, ఎవరి తప్పుతో వాన రాలేదు అని అడిగితే ఆ ఇంటి గడప దగ్గరికి వెళ్లి తలతో కొడతాడు. కొట్టాడంటే అయిపోయింది. దానిమీద ఇంకో మాట ఉండదు.

ముందు కుడివైపు ఇర్రయ్య మామ మోసేవాడు. మోతగాళ్లలో పెద్ద ఆయన. ఎడమవైపు నేను. నన్ను తీసుకున్న రోజు ఆయన ఒకటే చెప్పాడు. దేవుడికి భుజం ఇయ్యి, మనసు ఇంట్లో పెట్టి రా అన్నాడు. అప్పుడు నాకు మీసాలు సరిగా రాలేదు. సరే మామా అన్నా.

ఆ ఏడాది అడవి అంతా లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలిసినంత చెబుతా. పోడు కొట్టొద్దన్నారు. జంగ్లాత్ వాళ్లు, అంటే అడవి కాసే సర్కారోళ్లు, గీత గీసి, గీతకు అవతల రాజ్యం అడవి, ఆకు కూడా తెంపొద్దన్నారు. వెట్టికి రమ్మని సగం ఊరిని తోలుకుపోయేవాళ్లు. ఇవన్నీ ఉన్నవే. కానీ లేచేటప్పుడు ఎవరూ ఇవి చెప్పలేదు. తల్లి లేవమంది అన్నారు, రాజ్యానికంతా పెద్ద అమ్మవారు. జగదల్‌పూర్‌లో రాజు ఆ తల్లికి మొదటి పూజారి, ఆమె పేరు మీదే రాజ్యం చేస్తాడు. ఆ రాజ్యం మీద లేచినవాళ్లూ ఆమె పేరు మీదే లేచారు. వాళ్లని అణచడానికి వచ్చిన పటాలం కూడా దారిలో ఆమెకే మేకను కోసి వచ్చిందని సంతలో చెప్పుకున్నారు. ఆ తల్లి ఎటు నిలబడిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

లేవమనే కబురు నోటితో రాలేదు. మామిడికొమ్మకు ఎండుమిరపకాయలు కట్టి, బాణంతో కలిపి ఊరి నుంచి ఊరికి పంపారు. కొమ్మ అందుకున్న ఊరు తన మిరపకాయలు కొన్ని దానికి కట్టి పక్క ఊరికి ఇవ్వాలి. ఆపితే తల్లికి కోపం. మా ఊరికి వచ్చిన కొమ్మను అందుకుంది మా అన్న. మిరపకాయలు కట్టి కింది ఊరికి ఇచ్చి వచ్చిందీ వాడే. నేను కళ్లారా చూశా. పశువుల్ని మళ్లేసుకొస్తుంటే వాగు అవతలి గట్టున వాడు కొమ్మను చంకలో పెట్టుకుని పోతున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అంతే.

మా ఊరు ఒక్క బాణం వేయలేదు. కబురొచ్చింది, పోయింది. యుద్ధం ఎక్కడో ఉత్తరాన జరిగింది, అక్కడే ముగిసింది. ముగిశాక సర్కారోళ్లు కొమ్మ నడిచిన దారి వెంట ఊరూరా వచ్చారు. కొమ్మను ఎవరు అందుకున్నారు, ఎవరు ఇచ్చారు అని అడిగారు. చెప్పని ఊళ్లలో గాదెలు కాల్చారు.

మా ఊరికి తాసీల్దారు వచ్చాడు, వెనక సిపాయిలు. ఇక్కడివాడు కాదు. మంచివాడో చెడ్డవాడో చెప్పలేను. మా దేవుడి సావడి ముందు జోళ్లు విప్పాడు. కొబ్బరికాయ కొట్టాడు. మా ఊరి పెద్ద, కొమ్మ పట్టింది ఎవరో తెలియదు దొరా అన్నాడు. తాసీల్దారు కోప్పడలేదు. అతను చెప్పిన మాటను జవాను హల్బీలో మాకు చెప్పాడు. మీకు తెలియకపోతే మీ దేవుడికి తెలుసు గదా. రాజావారు తల్లికి పూజారి. మీ దేవుడు దసరాకి ఆ తల్లి గడపకొచ్చి దణ్ణం పెట్టే దేవుడు. రాజావారి పేరు మీద నేను అడుగుతున్నా, చెప్పమనండి. చెప్పకపోతే గాదెలు కాలుస్తాం, దేవుణ్ణి కూడా జగదల్‌పూర్ తీసుకుపోయి తాళం వేస్తాం.

గాదెల మాటకు ఆడవాళ్లు ఏడ్చారు. దేవుడి మాటకు మగవాళ్లు ఏడ్చారు.

డోలు మోగింది. నలుగురం ఎత్తుకున్నాం.

ఇక్కడ మెల్లగా రాయనీ. ఇన్నేళ్లుగా ఈ చోటికి వచ్చి వెనక్కి తిరుగుతున్నా.

సావడి నుంచి దారి కొంతదూరం తిన్నగా పోయి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే మా ఇల్లు, మా అన్న నేను ఒకే దొడ్లో. కుడికి పోతే వాగు పక్కన కన్నయ్య ఇల్లు. కన్నయ్య నాకు మేనత్త కొడుకు, బావ. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. నా కంటే కొంచెం పెద్ద. మా ఊళ్లో మిరప వేసేది ఆయనొక్కడే. నవ్వించేవాడు. దేవుడు పరిగెత్తినప్పుడు నా గోచీ ఊడిపోతుందని సంతంతా చెప్పుకు తిరిగేవాడు.

చీలిక దగ్గర దేవుడు ఆగాడు. ఊగాడు. ఎడమకు మొగ్గాడు. నా మెడ మీద ఆ బరువు తెలిసింది. మా దొడ్డి కంచె కనపడుతోంది, కంచె వెనక మా అన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మా వదిన పక్కనే ఉంది, చంకలో పిల్ల. నేను ఎడమ కాలు నేలలో తన్ని పెట్టా. భుజం పైకెత్తా. బరువంతా కుడికి పడింది. దేవుడి తల కుడికి తిరిగింది. ఒకసారి తిరిగాక పరిగెత్తాడు, మేము ఆపలేకపోయాం, నేను కూడా. వెళ్లి కన్నయ్య ఇంటి గడప స్తంభాన్ని కొట్టాడు. మట్టి రాలింది.

అదీ నేను చేసింది. ఒక కాలు, ఒక భుజం. రెప్ప వేసినంత సేపు.

అప్పటి నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నా. దేవుడు నిజంగా ఎడమకు మొగ్గాడా, లేక మా అన్న సంగతి తెలిసిన నా భయమే ఆయన్ని ఎడమకు లాగిందా? అలా అయితే అటు లాగిందీ నేనే, ఇటు తోసిందీ నేనే, మధ్యలో దేవుడు ఎక్కడున్నాడు? నిజంగా ఆయనే మొగ్గాడనుకుంటే, అంత దేవుడు నా ఒక్క భుజానికి ఎందుకు లొంగాడు? తిరగనన్నట్టు అక్కడే కూలబడితే నేనేం చేసేవాణ్ణి? నా మీద పడి నన్ను నలిపేసినా బాగుండేది. ఏమీ చేయలేదు. మోసినవాడు ఎటు నెడితే అటు పోయాడు, రాజ్యం ఏది అడిగితే అది చెప్పాడు. ఇలా రాస్తే నాలుక పడిపోతుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. రాస్తున్నది చెయ్యి. అదీ పడిపోలేదు.

కన్నయ్య ఇంట్లోంచి బయటికొచ్చాడు. దేవుడి తల తన గడపకు ఆనుకుని ఉండటం చూశాడు. కాదనలేదు. నేను కాదు అని ఒక్క మాట అంటాడని ఎదురుచూశా, అంటే అప్పుడు నేను ఏమన్నా చేసేవాణ్ణి అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటా. చేసేవాణ్ణి కాదు. ఆయన మెట్టు మీద కూర్చుని కాసేపు ఆలోచించాడు. పోయిన వస్తువు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేవాడి మొహం ఎలా ఉంటుంది, అలా. తర్వాత లేచి చేతులు చాపాడు. సిపాయిలు తాడు కట్టారు.

వాళ్లు అన్నం వండుకుంటుంటే ఆయన్ని ఇప్పచెట్టుకు కట్టి ఉంచారు. నేను సొరకాయ బుర్రలో జావ తీసుకుపోయా. ఎందుకు పోయానో తెలియదు.

"ఏంది బావా, మొహం గట్ల పెట్టినవ్? తాడు నీకు కట్టిన్రా, నాకు కట్టిన్రా?" అన్నాడు.

నేను బుర్ర ఆయన నోటికి పెట్టా. తాగాడు. గడ్డం మీద కారింది, తుడిచా.

"బావా, నువ్వు కొమ్మ పట్టలేదు గదా. ఎందుకు ఒప్పుకున్నవ్?" అన్నా.

"పట్టలేదు. అదే ఆలోచించిన. ఏ తప్పు చెయ్యకపోతే ఆయన నా గడపకు ఎందుకొస్తడు? అప్పుడు యాదికొచ్చింది." గొంతు తగ్గించాడు. "మీ అన్న గుప్పెడు ఎండుమిరపకాయలు కావాలన్నడు. ఇచ్చిన. ఎందుకని అడగలే. అడగాలె గదా? ఆ కొమ్మకు కట్టినవి నా మిరపకాయలే."

"అయితే అన్న పేరు..."

"దేవుడు వాని గడపకు పోలే. నా గడపకొచ్చిండు. వాడు ఒట్టి మోసినోడు బావా, పంట నాది. దేవునికి తెల్వదా, మనకు తెల్సా?" తర్వాత నవ్వాడు. "పరిగెత్తినప్పుడు నీ గోచీ ఊడలేదు ఇయ్యాళ. బాగ కట్టినవ్."

నేను అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచా కూడా. సిపాయి వచ్చి బుర్ర లాక్కుని పొమ్మన్నాడు. సిపాయి వచ్చాడు కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్లు అనుకున్నా. వాడు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదు. నువ్వు నమ్మడానికి రాస్తున్నా ఇది, నా మీద జాలి పడటానికి కాదు.

ఆయన్ని జగదల్‌పూర్ తీసుకుపోయారు. జైల్లో జ్వరం వచ్చి పోయాడని దోర్నపాల్ సంతలో ఎవరో మా ఊరివాళ్లకు చెప్పారు. ఆ కబురు మోసుకొచ్చి ఆయన భార్యకు చెప్పమని నన్నే పంపారు, దేవుణ్ణి మోసేవాడి నోటి నుంచి వింటే బాగుంటుందని. చెప్పా. ఆమె ఆరబెట్టిన మిరపకాయలు తిరగేస్తోంది. సరేనయ్యా అంది. తిరగేస్తూనే ఉంది.

ఆ మిరపకాయలు ఊళ్లో ఎవరూ కొనలేదు. దేవుడు చూపించిన ఇంటి మిరప, యుద్ధం కొమ్మకు కట్టిన మిరప, కూరలో వేస్తే ఇంట్లో గొడవలొస్తాయని అనుకున్నారు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని దోర్నపాల్ దాకా నడిచిపోయి, ఎవరికీ తెలియని చోట అమ్ముకుని వచ్చేది. ఆ మిరప తింటే గొడవలన్న మాట మొదట అన్నది ఎవరో తెలుసా? మా అన్న. దేవుడు తన గడపకు వస్తూ వస్తూ తిరిగిపోయాడని వాడు చూశాడు. తనను దేవుడు క్షమించాడని నమ్మాడు. ఆ తర్వాత వాడంత భక్తి మా ఊళ్లో ఎవరికీ లేదు. ఊరి పెద్ద అయ్యాడు. కన్నయ్య ఇంటి మనిషి దేవుణ్ణి మోయకూడదని కట్టుబాటు పెట్టిందీ వాడే. తన వంతు శిక్ష ఇంకొకడు మోశాడని వాడికి తెలుసు, కానీ అది దేవుడి ఇష్టం అనుకున్నాడు. ప్రశాంతంగా పోయాడు. వాడి ప్రశాంతాన్ని కూడా నేనే ఇచ్చా.

ఇర్రయ్య మామ ఆ రోజు సాయంత్రం వాగులో భుజం కడుక్కుంటూ నా వైపు చూశాడు. ఆ తర్వాత దేవుణ్ణి ఎత్తినప్పుడు నన్ను వెనక్కి పంపి వేరేవాణ్ణి ముందు పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన బతికినన్నాళ్లు నేను వెనకే మోశా. ఆయన పోయాక మళ్లీ ముందుకొచ్చా. అప్పుడు కూడా వెనకే ఉండిపోవచ్చు గదా? ముందుకు రమ్మన్నారు, వచ్చా.

ఇంకోటి ఉంది. ఇది చెప్పడం దానికంటే కష్టం. నేను కథలు బాగా చెబుతా. సాయంత్రం తిన్నాక పిల్లలు మా అరుగు మీద చేరతారు, చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు కూడా. అన్ని కథల్లోకి వాళ్లకు ఇష్టమైనది దేవుడు తప్పు చేసినవాణ్ణి పట్టుకున్న కథ. డోలు ఎలా మోగింది, తాసీల్దారు జోళ్లు ఎలా విప్పాడు, చీలిక దగ్గర దేవుడు ఎలా ఆగాడు, ఎలా తిరిగాడు. తిరిగే చోట నేను లేచి నిలబడి భుజం ఊపి చూపించేవాణ్ణి. అదే ఊపు. పిల్లలు కేక పెట్టేవాళ్లు. కన్నయ్య పిల్లలు, తర్వాత వాళ్ల పిల్లలు, ఆ కథ ఎత్తుకోగానే లేచి వెళ్లిపోయేవాళ్లు. నేను చూసీ చూడనట్టు ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి.

ఎందుకు చెప్పా? ఎవరూ అడగని రోజు కూడా ఎందుకు చెప్పా? వంద నోళ్లు నమ్మితే నేనూ నమ్ముతానని అనుకున్నానేమో.

ఈ మధ్య నా భుజం పనిచేయడం మానేసింది. చెయ్యి పైకి లేవదు. నా చోట కొత్త మోతగాణ్ణి పెట్టాలని పెద్దలు కూర్చున్నారు. కన్నయ్య మనవడు ఉన్నాడు. వాడిదీ తాత పేరే. ఎత్తు, బలం, నడక అన్నీ సరిపోతాయి. కుర్రాళ్లు కొందరు వాడి పేరు చెప్పారు. పెద్దలు నా వైపు చూశారు. నువ్వు మోసినోడివి, ఆ రోజు మోసినవాళ్లలో నువ్వొక్కడివే మిగిలావు, ఆ ఇంటి భుజం పనికొస్తుందా, నువ్వు చెప్పు అన్నారు.

దేవుడు చూపించింది నేను తిప్పగలనా అన్నా.

ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. సిపాయిలు లేరు, తాసీల్దారు లేడు, మా అన్న లేడు. రాజ్యమే పోతుందని, రాజు దాన్ని కొత్త సర్కారుకు రాసిచ్చి సంతకం పెట్టేస్తాడని సంతలో అనుకుంటున్నారు. ఇంకెవరికి భయపడి అన్నా? కుర్రాడు లేచి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వాళ్ల ఇంటివాళ్లు లేచి వెళ్లడం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున వాగు పక్కకు పోయా. కన్నయ్య మనవడు మిరప కోస్తున్నాడు. చెప్పా. ఇప్పుడు నీకు చెప్పినట్టే, కాలు, భుజం, కంచె వెనక మా అన్న, అన్నీ. వాడు కోస్తూనే విన్నాడు. చివరికొచ్చాక చెయ్యి ఆగింది.

"తాతా, మా తాత దేవుడు చెప్పిండని పోయిండు. మా నాయనమ్మ అదే చెప్పుకుని బతికింది. ఇప్పుడు నీ భుజం కోసం పోయిండంటే మేమెట్ల తట్టుకోవాలె?" అన్నాడు.

ఊళ్లో చెబుతా, నిన్ను మోతకు పెట్టిస్తా అన్నా.

"ఎవనికీ చెప్పకు. నాకు మోత వద్దు. మీ నలుగురు ఎటు నెడితే అటు పోయేదాన్ని నేనెందుకు మొయ్యాలె? పో, ఎండెక్కుతాంది."

తిట్టలేదు. క్షమించానూ అనలేదు. మళ్లీ కోతలో పడ్డాడు.

నేను గంపలోంచి ఒక పండుమిరపకాయ తీసుకున్నా. ఆ ఇంటి మిరప నా నోటికి తగలడం ఆ యుద్ధం ఏడాది తర్వాత అదే మొదలు. అక్కడే నమిలా. ఘాటుగా ఉంది. అందరి మిరపలాగే ఉంది. వాడు కోస్తూనే నన్ను చూశాడు.

ఊళ్లో చెప్పకూడదన్నాడు కాబట్టి చెప్పడం లేదు. నాకు కావాల్సింది కూడా అదేనా? కావచ్చు. అందుకే ఊరు పేరు రాయలేదు, నా పేరు రాయలేదు, నీకు రాశా.

మొన్న సాయంత్రం పిల్లలు దేవుడు పట్టుకున్న కథ చెప్పమన్నారు. మర్చిపోయా అన్నా. నవ్వారు, తాత మర్చిపోవడమా అని. ఇంకోసారి అడిగారు. మర్చిపోయా అనే అన్నా. నేను ఏదీ మర్చిపోనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు మర్చిపోయానో నీకు తెలుసు. బరువు దిగలేదు. దూరం మోసేటప్పుడు మేము నడుస్తూనే ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటాం, అంత తేలిక మాత్రం ఉంది.